అజీజా అనాథ కాదు

తల్లి బతికి ఉన్న బిడ్డను అనాథ అనవచ్చునా? మన ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి మరణించి, ఇంకా యుక్తవయస్సు రాని బిడ్డను యతీం అంటారు. ఆ బిడ్డను పోషించవలసిన మనిషి పోయాడని ఆ మాటకు అర్థం. తల్లి కూడా లేదని అందులో ఎక్కడా లేదు. అయినా ఆచరణలో మనం ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేశాము. ఇంటి యజమాని చనిపోయినా, భార్యను వదిలి వెళ్ళిపోయినా, చుట్టుపక్కలవారి నోట మొదట వచ్చే సలహా ఒకటే: ‘పిల్లల్ని ఏ యతీంఖానాలోనో చేర్పించమ్మా, నీ బతుకు నువ్వు చూసుకో.’ ఈ సలహా మంచి మనసుతోనే ఇస్తారు. దాని ఫలితం ఏమిటో ఆలోచించేవారు తక్కువ. ఆ ఆలోచన నాలో బలపడడానికి ఒక నవల తోడ్పడింది. అందుచేత ముందు ఆ నవల గురించి చెప్పి, తరువాత మన ఊళ్ళ సంగతికి వస్తాను.

ఖాలెద్ హుసేనీ 1965లో కాబూల్‌లో పుట్టిన రచయిత. 1980లో ఆయన కుటుంబం అమెరికాలో ఆశ్రయం పొందింది. వృత్తిరీత్యా వైద్యుడు. 2007లో ఆయన ఆంగ్లంలో రాసిన ‘ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్’ నవల వెలువడింది. ‘వేయి ఉజ్జ్వల సూర్యులు’ అని ఆ పేరును తెలుగులో చెప్పుకోవచ్చు. పదిహేడవ శతాబ్దపు పారశీక కవి సాయిబ్ తబ్రీజీ కాబూల్ నగరాన్ని కీర్తిస్తూ రాసిన కవితనుంచి ఆ పేరు తీసుకున్నారు. చాలామంది దీనిని అఫ్ఘాన్ స్త్రీల కష్టాల కథగా చదివారు. యుద్ధాల చరిత్రగా చదివినవారూ ఉన్నారు. నా దృష్టిలో ఇది ముందుగా తల్లులూ బిడ్డలూ విడిపోయే కథ.

ఇందులో మొదటి తల్లి నానా. హెరాత్‌లోని సంపన్నుడైన జలీల్ ఇంట్లో పనిమనిషి. ఆయనవల్ల గర్భవతి అయ్యాక, ఊరి వెలుపల ఒక మట్టి గుడిసెకు తరలింపబడింది. ఆమె కూతురు మర్యమ్. వారానికి ఒకసారి వచ్చి ముద్దుచేసే తండ్రిని మర్యమ్ నమ్మింది. పదిహేనవ పుట్టినరోజు నాటికి తండ్రి ఇంటిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ ఇంటి తలుపు తెరుచుకోలేదు. రాత్రంతా గుమ్మం బయటే పడుకుంది. తిరిగివచ్చేసరికి తల్లి ఉరివేసుకుని ఉంది. తరువాత కొద్ది రోజులకే జలీల్ భార్యలు ఆ పిల్లను కాబూల్‌లో చెప్పులు కుట్టే రషీద్‌కు ఇచ్చి నిఖా జరిపించి, చేతులు దులుపుకున్నారు.

రెండవ తల్లి లైలా. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, దిక్కులేక అదే రషీద్‌కు రెండవ భార్య అయింది. ఆమె కూతురే అజీజా. తాలిబాన్ పాలన వచ్చింది. స్త్రీలు ఉద్యోగాలు చేయరాదన్నారు. మహ్రమ్ అయిన పురుషుడు తోడు లేకుండా వీధిలోకి రాకూడదన్నారు. ఆపైన కరువు వచ్చింది. రషీద్ దుకాణం కాలిపోయింది. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. ఆకలి మిగిలింది. అప్పుడు అజీజాను అనాథాశ్రమంలో చేర్చారు. తల్లి బతికే ఉంది. ఇల్లు అదే నగరంలో ఉంది. అయినా ఆ పిల్ల అనాథల జాబితాలో చేరింది.

ఈ నవలలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఒకటి ఉంది. ఆశ్రమం నడిపే జమాన్ అనే వ్యక్తి దుర్మార్గుడు కాడు. దయగలవాడు, చదువుకున్నవాడు, ఉన్నదానితో పిల్లలను కాపాడుతున్నవాడు. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందికి తల్లులు ఉన్నారనీ, పనిచేసుకోనివ్వకపోవడంవల్లే వాళ్ళు బిడ్డలను తెచ్చి విడిచిపోతున్నారనీ ఆయనకు తెలుసు. అజీజాకు అక్కడ పాఠాలు చెబుతారు. ఆమె చక్కగా నేర్చుకుంటుంది కూడా. అయినా కొన్నాళ్ళకు ఆ పిల్లకు నత్తి వస్తుంది. మంచి ఆశ్రమం, మంచి మనిషి, తిండీ చదువూ అన్నీ ఉన్నా, తల్లి నుంచి విడిపోయిన గాయం మాటలోకి వచ్చింది. దుష్టుడైన వార్డెనును సృష్టించి ఉంటే పాఠకుడు ఆ ఒక్కడినే తిట్టుకుని ఊరుకునేవాడు. హుసేనీ మనకు ఆ సౌకర్యం ఇవ్వలేదు.

రషీద్ వెంట రావడం మానేశాక, లైలా ఒంటరిగా బిడ్డను చూడడానికి బయలుదేరుతుంది. తోడు లేదని తాలిబాన్లు దారిలో పట్టుకుని కొట్టి వెనక్కి పంపుతారు. మరునాడు మళ్ళీ వెళుతుంది. దెబ్బలు తక్కువ తగలడం కోసం బురఖా లోపల అదనంగా బట్టలు తొడుక్కుని మరీ వెళుతుంది. బిడ్డను ఆశ్రమంలో వదిలిన తల్లికి ప్రేమ లేదని ఎవరైనా అంటే, ఈ ఒక్క ఘట్టం చదివి వినిపించాలి.

‘అది అఫ్ఘానిస్తాన్, ఇది మన దేశం’ అని పాఠకులు అనవచ్చు. నిజమే. ఇక్కడ స్త్రీ పనికి పోకూడదని ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించలేదు. అయినప్పటికీ పేదరికమే కారణంగా తల్లీబిడ్డలను విడదీసిన చరిత్ర తెలుగునేలకూ ఉంది. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాలనుంచి వచ్చిన వార్తలు మా తరం వారికి గుర్తుండే ఉంటాయి. పుట్టి కొద్ది రోజులైనా కాని పసికందులను, ఎక్కువగా ఆడపిల్లలను, దళారులు స్వల్ప మొత్తాలు చేతిలో పెట్టి తీసుకువెళ్ళారు. హైదరాబాదులోని దత్తత కేంద్రాలకు చేర్చారు. అక్కడినుంచి విదేశీ దంపతులకు దత్తత ఇచ్చే వ్యవహారం నడిచింది. చదువురాని తల్లిదండ్రులచేత బిడ్డను వదులుకుంటున్నట్టు కాగితాలమీద వేలిముద్రలు వేయించారు. కాగితం సక్రమంగానే ఉండేది, దాని వెనుక ఉన్నది ఆకలి. ఆ దుమారం తరువాత 2001లో రాష్ట్ర ప్రభుత్వం, పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. బిడ్డను పెంచలేనంత పేదదైన తల్లికి సాయం చేయాలి గాని బిడ్డను తీసుకుపోకూడదన్న సూత్రం, ఆ తండాల కన్నీటి తరువాతే మన దగ్గర ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది.

రెండవ రకం ఎడబాటు గల్ఫ్‌ది. కడప జిల్లానుంచి, ఉభయ గోదావరి జిల్లాలనుంచి ఎందరో స్త్రీలు కువైట్ తదితర దేశాలకు ఇంటిపనికి వెళ్ళారు. వారిలో ముస్లిం స్త్రీలూ గణనీయంగా ఉన్నారు. ఇంటిపని వీసాపై వెళ్ళినవారు బిడ్డలను వెంట తీసుకుపోవడానికి వీలులేదు. అక్కడ వేరొకరి పిల్లలకు అన్నం కలిపి పెట్టే చేయి, ఇక్కడ తన పిల్లలకు నెలకొకసారి డబ్బు పంపుతుంది. తక్కువ చదువుకున్న స్త్రీలు ఇంటిపనికి వెళ్ళాలంటే కనీసం ముప్పై ఏళ్ళు నిండాలని భారత ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2015 ఆగస్టు నుంచి ప్రభుత్వ రంగ సంస్థల ద్వారానే వెళ్ళాలని కట్టడి చేసింది. స్త్రీల రక్షణ కోసం పెట్టిన నిబంధనలే ఇవి. కాని వయసు ముప్పై నిండిన స్త్రీ అంటే మన పల్లెల్లో బడికి పోయే పిల్లల తల్లి అనే అర్థం. ఆమె భద్రత గురించి ఎంతో కొంత ఆలోచించిన వ్యవస్థ, ఆమె వెనుక మిగిలిన పిల్లల పేర్లు ఎక్కడా రాసుకోలేదు.

మూడవ రకం మా ప్రాంతంలో నేను తరచుగా చూసేది. ఉంగుటూరునుంచి ఆగిరిపల్లి, నూజివీడు వైపు వెళితే దారికి ఇరువైపులా మామిడి తోటలు. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కోతలు, ఏరివేత, గడ్డి పరచి పెట్టెల్లో సర్దడం, నున్న మార్కెట్టుకు లోడులు ఎత్తడం. ఆ మూడు నెలలూ స్త్రీలకు చేతినిండా పని. కాపు అయిపోయాక కూలి దొరికే రోజులు తక్కువ. భర్త ఉన్న ఇంట్లోనే ఈ లెక్క కుదరదు. భర్త పోయిన ఇంట్లో, లేదా భర్త తలాక్ చెప్పి వెళ్ళిపోయిన ఇంట్లో, వానాకాలం వచ్చేసరికి పిల్లల ప్రశ్న లేస్తుంది. అప్పుడు బంధువులు కూర్చుంటారు. మగపిల్లవాడిని దూరపు పట్టణంలోని యతీంఖానాకు, ఆడపిల్లను ఇంకెక్కడికో అని పంపకం చేస్తారు. తల్లి ఏమీ మాట్లాడదు. ఆమె మౌనాన్ని అంగీకారంగా రాసుకుంటారు.

ఆ స్త్రీ మళ్ళీ నిఖా చేసుకున్నప్పుడు ఈ పంపకం మరింత కఠినంగా ఉంటుంది. ‘మొదటి సంబంధం పిల్లలు మాకొద్దు’ అనే షరతు ముందే వస్తుంది. దీనికి కొందరు షరీఅత్ పేరు చెబుతారు. కాబట్టి షరీఅత్ ఏమంటున్నదో చూద్దాం. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌లో చిన్నబిడ్డ సంరక్షణను హిజానత్ అంటారు. మగపిల్లవాడికి ఏడేళ్ళు వచ్చేదాకా, ఆడపిల్లకు యుక్తవయస్సు వచ్చేదాకా ఆ హక్కు మొదట తల్లిది. ఆమె బిడ్డకు మహ్రమ్ కాని పరాయి పురుషుణ్ణి పెళ్ళాడితే ఆ ప్రాధాన్యం తగ్గుతుందన్నది నిజమే. కాని అప్పుడు ఆ హక్కు ఎవరికి పోతుంది? ముందు అమ్మమ్మకు, తరువాత నానమ్మకు, ఆ తరువాత బిడ్డ అక్కచెల్లెళ్ళకు, వారి తరువాత ఇతర ఆడబంధువులకు. ఆ వరుసలో ప్రతి మెట్టు మీదా ఒక మనిషి ఉంది, రక్తసంబంధం ఉంది. సంస్థ అన్నది ఆ వరుసలోనే లేదు. ఫిఖ్ పండితులు వేసిన ఈ నిచ్చెనను మనం ఒక్క అంగలో దాటివేసి, నేరుగా యతీంఖానా గుమ్మంలో దిగుతున్నాము.

దేశ చట్టం కూడా ఇంతకు భిన్నంగా లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ సంక్షేమాన్ని చూసే సంరక్షకుణ్ణి నిర్ణయించమంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం మూడవ సెక్షనులో కొన్ని మూలసూత్రాలు రాసింది. బిడ్డను పెంచే ప్రాథమిక బాధ్యత కుటుంబానిదని ఒక సూత్రం. సంస్థలో చేర్చడం అన్ని దారులూ చూశాక మిగిలే చివరి మార్గం మాత్రమే కావాలని మరో సూత్రం. మనం చివరి మార్గాన్ని మొదటి మార్గం చేసుకున్నాము.

పోషణ సంగతి. తలాక్ చెప్పినంత మాత్రాన తండ్రికి బిడ్డల బాధ్యత తీరిపోదు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీల విషయమై వచ్చిన 1986 చట్టం పిల్లల మనోవర్తి హక్కును తగ్గించలేదని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 10న, మన పొరుగు తెలంగాణనుంచి వెళ్ళిన కేసులోనే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద మనోవర్తి కోరవచ్చునని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పాత 125వ సెక్షను ఇప్పుడు కొత్త సంహితలో 144వ సెక్షను అయింది. లాయరు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. బిడ్డను ఆశ్రమానికి పంపే ముందు తండ్రిని బాధ్యుణ్ణి చేశామా అని జమాఅత్ పెద్దలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

ఇక ప్రభుత్వ సాయం. గుమస్తాగా పనిచేసిన వాణ్ణి గనుక అంకెలతో చెబుతాను. తల్లి వితంతువైనా, విడాకులు పొందినదైనా, కుటుంబం విడిచిపెట్టినదైనా, ఆమె బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అనే సహాయం ఉంది. బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు మించకూడదు. మన రాష్ట్రంలో వితంతు పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. 2025లో మొదలైన తల్లికి వందనం పథకం కింద బడికి పోయే ప్రతి బిడ్డకూ ఏడాదికి 15,000 రూపాయలు కేటాయించి, అందులో పాఠశాల నిర్వహణకు 2,000 మినహాయించి, మిగిలిన 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. బడికి పోయే ఇద్దరు పిల్లలున్న ఒక వితంతువుకు ఇవన్నీ మంజూరైతే నెలకు 12,000 రూపాయలు, ఏడాదికి ఒకసారి 26,000 రూపాయలు. దీనితో ఎవరూ ధనవంతులు కారు. కాని ఇద్దరు పిల్లలను ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టి బడికి పంపడానికి ఇది చాలు.

మరి ఇవి ఎందుకు అందడం లేదు? స్పాన్సర్‌షిప్ అర్హులందరికీ వెంటనే దొరకదు, నిధుల కేటాయింపును బట్టి కమిటీ మంజూరు చేస్తుంది. ఆ మాట నిజం. కాని మన వాళ్ళ దరఖాస్తులు కమిటీ దాకా వెళ్ళనేవెళ్ళవు. కారణం కాగితాలు. భర్త మరణం నమోదు కాకపోవడం మొదటి అడ్డంకి. 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లో మరణాన్ని నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. దుఃఖంలో ఉన్న ఇల్లు ఆ సంగతి మరచిపోతుంది. జనాజా నమాజుకు వచ్చిన వందమందిలో ఒక్కరు ఆ బాధ్యత తీసుకుంటే సరిపోతుంది. రెండవ అడ్డంకి తలాక్. నోటిమాటతో విడిచిపెట్టబడిన స్త్రీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఆమె వితంతువూ కాదు, రికార్డుల ప్రకారం విడాకులు పొందినదీ కాదు, భర్త పేరు మాత్రం రేషన్ కార్డులో అలాగే ఉంటుంది. మూడవది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోవడం. నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, ఉంగుటూరు కృష్ణాలోనే ఉంది, దాని జిల్లా కేంద్రంగా బందరే కొనసాగింది. పుట్టిల్లు ఒక జిల్లాలో, అత్తిల్లు ఇంకొక జిల్లాలో ఉన్న స్త్రీకి ఏ కార్యాలయానికి వెళ్ళాలో చెప్పేవారు లేరు. బిడ్డ ఎక్కడ నివసిస్తూ చదువుతున్నదో ఆ జిల్లాలోని బాలల సంరక్షణ విభాగానికే వెళ్ళాలి. దారి తెలియకపోతే 1098కి ఫోను చేసి అడగవచ్చు.

నేను చెబుతున్నదానికి అభ్యంతరాలు ఉన్నాయని నాకు తెలుసు. యతీంఖానాలు నడిపే పెద్దలు ఇలా అడుగుతారు: ‘మేము లేకపోతే ఈ పిల్లలు హోటళ్ళలో కప్పులు కడుగుతూ ఉండేవారు. మా దగ్గర చదువుకుని ఎందరో ఉద్యోగస్తులయ్యారు. మమ్మల్ని తప్పుపడతారా?’ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదులో నాంపల్లిలోని అనీసుల్ గుర్బా వంటి సంస్థలు తరతరాలుగా దిక్కులేని పిల్లలకు నీడనిచ్చాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయి, అమ్మమ్మా నానమ్మా కూడా లేని బిడ్డ ఉంటుంది. ఇంట్లోనే హింస ఉన్న బిడ్డ ఉంటుంది. వారికి ఆశ్రమం కావాలి, అది మంచి ఆశ్రమం కావాలి. చదువు కోసం గురుకుల పాఠశాలలో చేరడం కూడా వేరే సంగతి. అక్కడ చేరిన బిడ్డకు ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. సెలవులకు వస్తుంది, పండుగకు వస్తుంది, ఎవరి బిడ్డవని అడిగితే తల్లి పేరు చెబుతుంది.

నా వాదం తల్లి ఉన్న బిడ్డ గురించి మాత్రమే. అటువంటి బిడ్డ చేరడానికి వచ్చినప్పుడు నిర్వాహకులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ బిడ్డ మీద మేము నెలకు పెట్టబోయే ఖర్చును తల్లి చేతికే ఇస్తే బిడ్డ ఇంట్లో పెరగగలదా? పెరగలేదనుకుంటే, తల్లి ఎన్నిసార్లయినా వచ్చి చూసుకోవడానికి దారి ఖర్చు ఎవరు పెడతారు? బిడ్డ తిరిగి ఇంటికి చేరే తేదీ ఏదైనా అనుకున్నామా? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా చేర్చుకున్న బిడ్డను మనం అనాథగా తయారు చేస్తున్నట్టే.

జకాత్ ఇచ్చే దాతలకూ ఒక మాట. రమజాన్ నెలలో యతీంఖానా రశీదు పుస్తకాలు ఊరూరా తిరుగుతాయి. భవనానికి స్లాబు, వంటగదికి గ్రైండరు, మంచాలు, పరుపులు. దాతకు కంటికి కనిపించే వస్తువు కావాలి. గోడమీద పేరు పడుతుంది. పేద వితంతువుకు నెలనెలా ఇచ్చే డబ్బు కంటికి కనిపించదు, పేరూ పడదు. కాని జకాత్‌కు హక్కుదారులలో మొదట చెప్పబడినవారు ఫుఖరా, మసాకీన్. ఆ తల్లి కంటే వారిలో లెక్కకు రాదగినవారు ఎవరు?

దివ్య ఖుర్ఆన్‌లో మూసా (అలైహిస్సలాం) బాల్యగాథ మనందరికీ తెలిసినదే. తల్లి గుండె రాయి చేసుకుని పసివాడిని నదిలో విడిచింది. బిడ్డ ఫిరౌన్ భవనం చేరాడు. అక్కడ లేనిదేముంది? అయినా ఏ దాది పాలూ తాగలేదు. ఒడ్డువెంట వెన్నంటి వచ్చిన అక్క, ఈ బిడ్డను సాకగల ఇల్లు నేను చూపనా అని అడిగింది. ఆ విధంగా బిడ్డ మళ్ళీ కన్నతల్లి ఒడికే చేరాడు. ఆ తల్లికి పాలిచ్చినందుకు వేతనమూ ముట్టిందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఈ గాథలో భవనం ఉంది, ధనం ఉంది, దాదులున్నారు. అల్లాహ్ మాత్రం బిడ్డను తల్లి దగ్గరకే చేర్చాడు, ఖర్చు భవనం చేత పెట్టించాడు. నేటి భాషలో స్పాన్సర్‌షిప్ అంటే ఇదే. మన సమాజంలో లోటుగా ఉన్నది ఆ అక్క పాత్ర. ఎవరి బిడ్డ ఎటు పోతున్నదో ఒడ్డువెంట నడిచి చూసి, సరైన చోట సరైన మాట చెప్పే మనిషి కావాలి.

ఆ పాత్రను ప్రతి మస్జిద్ కమిటీ వహించగలదు. దీనికి పెద్ద సంస్థ అక్కరలేదు, ఒక రిజిస్టరు చాలు. జమాఅత్ పరిధిలో భర్త మరణించిన స్త్రీలు, విడువబడిన స్త్రీలు, తల్లి గల్ఫ్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు, ఆశ్రమాలకు వెళ్ళిన పిల్లలు, వీరందరి వివరాలు గోప్యంగా రాసి ఉంచాలి. ఎవరికి మరణ ధ్రువపత్రం లేదో, ఎవరికి ఆదాయ ధ్రువపత్రం కావాలో, ఎవరి బ్యాంకు ఖాతా పనిచేయడం లేదో ఎదురుగా రాసుకోవాలి. ఆ పని చదువుకున్న ఆడపిల్లలకు అప్పగిస్తే ఇంకా మంచిది, తల్లులు వాళ్ళతోనే మనసు విప్పి మాట్లాడతారు. ఖాజీలు తలాక్, ఖులా జరిగిన ప్రతిసారీ స్త్రీ చేతికి లిఖితపూర్వకమైన పత్రం ఇవ్వాలి, అందులో పిల్లలు ఎవరి వద్ద ఉంటారో, తండ్రి ఎంత ఇస్తాడో రాయాలి. పదవీ విరమణ చేసిన నాబోటి వాళ్ళు ఊరికి ఒకరిద్దరు ఉంటారు. దరఖాస్తు రాయడం, దానికి నంబరు వేయించుకోవడం, నెల తరువాత వెళ్ళి ఆ నంబరు చెప్పి అడగడం మాకు చేతనైన విద్య. ఆ విద్యను ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

హుసేనీ నవల చివరిలో జలీల్ ఒక ఉత్తరమూ కొంత డబ్బూ మర్యమ్ కోసం విడిచి పోయాడని తెలుస్తుంది. కూతురిని గుమ్మం బయట నిలబెట్టిన తండ్రి, వృద్ధాప్యంలో పశ్చాత్తాపపడి దాచిన డబ్బు అది. అది అందే నాటికి మర్యమ్ లేదు. లైలాను కాపాడడానికి రషీద్‌ను చంపి, ఆ నేరాన్ని ఒప్పుకుని, స్టేడియంలో మరణశిక్ష పొందింది. ఆ డబ్బు లైలాకు చేరింది. ఆమె తిరిగి కాబూల్ వచ్చి, ఒకప్పుడు తన అజీజా ఉన్న ఆశ్రమాన్నే బాగుచేయించి, అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పసాగింది. చదివిన వారికి ఆ ముగింపు ఊరట కలిగిస్తుంది. కాని జలీల్ ఆ డబ్బులో కొంత, ముందే, ఆ మట్టి గుడిసెలో నానా బతికి ఉండగానే ఇచ్చి, కూతురికి తలుపు తెరిచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మన జకాత్ డబ్బు, మన పలుకుబడి, మనకు తెలిసిన ఆఫీసు విద్య, ఇవన్నీ కూడా తల్లి ఇంకా బిడ్డను పట్టుకుని ఉండగానే ఆమె గుమ్మం చేరాలి. ఈసారి మామిడి కాపు ముగిసి కూలి తగ్గే నాటికి, కనీసం మా మండలంలోని మస్జిదులలో ఆ రిజిస్టరు తెరిచి ఉండాలని నా కోరిక. మీ మండలంలో ఎవరు తెరుస్తారో ఈ శుక్రవారమే అడగండి.